ఆ ఏడు ట్రాకులనూ ఇంట్లోనే వదిలి వెళ్ళండి

మీరు అడిగింది నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. శబ్దకళ కోసం నడిపే ఒక రెసిడెన్సీకి, అంటే కళాకారులకు కొంతకాలం ఉండి పని చేసుకోవడానికి చోటిచ్చే కార్యక్రమానికి, నాలుగు వారాలపాటు ఎంపికయ్యారు. కీబోర్డు వాయిస్తారు, రెండేళ్ళుగా బయటి శబ్దాలను రికార్డు చేయడం కూడా మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయిన ట్రాకులు ఏడు ఉన్నాయి, వాటిని అక్కడ పూర్తిచేసి ఆల్బమ్‌గా తేవాలన్నది మీ ఆలోచన. అది సరైన ఆలోచనేనా, ఏ పరికరాలు పట్టుకెళ్ళాలి, అసలు ఇలాంటి చోట్ల చెప్పుకోదగ్గ సంగీతం ఎప్పుడైనా పుట్టిందా అని మూడు ప్రశ్నలు వేశారు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: కాదు. ఆ ఏడు ట్రాకులూ మీ గదిలో మొదలయ్యాయి, మీ గదిలోనే పూర్తవుతాయి. వాటికి కావలసింది తీరిక. తీరిక కోసమే అయితే ఫోను కట్టేసి తలుపు వేసుకుంటే చాలు, దరఖాస్తులు పెట్టి అంత దూరం వెళ్ళనక్కరలేదు.

ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు. నా మొదటి రెసిడెన్సీ సముద్రపు ఒడ్డున, ఒక పాత దీపస్తంభం పక్కనున్న ఇంట్లో. ఆరు వారాలు. మీలాగే నేనూ సగం పనులు మూటగట్టుకుని వెళ్ళాను. పొద్దున లేచింది మొదలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను, అనుకున్నవన్నీ పూర్తిచేశాను, ఎంతో సాధించానని మురిసిపోయాను కూడా. చివరి రోజు పదిమందిని పిలిచి వినిపించాను. ఆ ఇంటి బాగోగులు చూసే పెద్దాయన కదలకుండా కూర్చుని అంతా విన్నారు. అయ్యాక, "బాగుందండీ. ఇంతకీ ఈ ఆరు వారాలూ మీరు ఇక్కడే ఉన్నారా?" అని అడిగారు. ఆయనది వెటకారం కాదు. నేను మధ్యలో ఎక్కడికో వెళ్ళి వచ్చాననే అనుకున్నారు. దీపస్తంభం లోపలి ఇనుప మెట్లు గాలి తిరిగినప్పుడల్లా ఒక్కొక్కటి ఒక్కో శ్రుతిలో మూలిగేవి. ఆ చప్పుడు నా పనికి అడ్డమని నేను కిటికీ మూసుకున్నాను. నేను పూర్తిచేసిన వాటిలో ఒక్కటి కూడా ఈ రోజు వినాలనిపించదు. ఆ మెట్ల చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది, రికార్డు మాత్రం లేదు.

అప్పటినుంచి ఏ రెసిడెన్సీకి వెళ్ళినా ముందు నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఇక్కడ తప్ప మరెక్కడా చేయలేని పని ఏమిటి? మీరూ అదే ప్రశ్న వేసుకోండి. జవాబు ఒక్కోచోట యంత్రం అవుతుంది, ఒక్కోచోట ఆ చోటే అవుతుంది, చాలాసార్లు ఒక మనిషి అవుతారు.

మీ మూడో ప్రశ్నకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, పీటర్‌బరో అనే ఊరి దగ్గర మెక్‌డోవెల్ అనే కళాకారుల నివాసం ఉంది. స్వరకర్త ఎడ్వర్డ్ మెక్‌డోవెల్, ఆయన భార్య, పియానో విద్వాంసురాలు మేరియన్ కలిసి 1907లో దాన్ని నెలకొల్పారు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా కుటీరాలు, మధ్యాహ్నం పనికి అడ్డురాకుండా గుమ్మం దగ్గర భోజనం బుట్ట పెట్టి వెళ్ళిపోవడం అక్కడి పద్ధతి. ఎమీ బీచ్ అనే స్వరకర్త 1921లో అక్కడ ఉన్నప్పుడు కుటీరం దగ్గర హెర్మిట్ థ్రష్ అనే పిట్ట రోజూ పాడేది. ఆమె దాని పాటను స్వరాల్లో రాసుకుంది. ఆ స్వరాలతోనే సాయంకాలానికి ఒకటి, ఉదయానికి ఒకటి చొప్పున రెండు పియానో రచనలు చేసింది. ఆ పిలుపులు పిట్ట పాడిన శ్రుతిలోనే ఉన్నాయనీ, ఒక్క స్థాయి మాత్రమే కిందికి దించాననీ ప్రచురణలో స్పష్టంగా రాసింది. రికార్డరు లేని రోజుల్లో చెవీ పెన్సిలూ పెట్టుకుని చేసిన పని అది. ఆ పిట్ట ఆమె వేసుకున్న పథకంలో ఉండి ఉంటుందని నేననుకోను.

యంత్రం కోసం వెళ్ళడం వేరే కథ. 1950లలో విద్యుత్ సంగీతం చేయాలంటే ఆ పరికరాలు దాదాపు ఎవరి ఇంట్లోనూ ఉండేవి కావు, ఎక్కువగా రేడియో సంస్థల్లోనే ఉండేవి. ఇటలీ రేడియో సంస్థ కోసం లుచానో బెరియో, బ్రూనో మదేర్నా అనే స్వరకర్తలు 1955లో మిలాన్‌లో ఒక స్టూడియో ఏర్పాటు చేశారు. తొమ్మిది ఆసిలేటర్లు, అంటే విద్యుత్తుతో స్వరం పుట్టించే పరికరాలు, ఉండటం అప్పట్లో దాని ఘనత. బెరియో పిలుపు మీద అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1958 చివర్లో అక్కడికి వెళ్ళి కొన్ని నెలలు ఉన్నాడు. టేపు ముక్కలు కత్తిరించి అతికిస్తూ 'ఫొంటానా మిక్స్' తయారుచేశాడు. ఫొంటానా ఏదో తాత్విక పదం అనుకునేరు, ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలి పేరు. ఇంకా తమాషా ఏమిటంటే, అక్కడ ఉండగానే ఆయన టెలివిజన్‌లో ఒక ప్రశ్నల పోటీకి వెళ్ళాడు, అదీ పుట్టగొడుగుల మీద. అన్ని జవాబులూ చెప్పి యాభై లక్షల లీరాలు గెలిచాడు. ఆ కార్యక్రమంలోనే స్నానపు తొట్టి, కూజా, రేడియోల వంటి వస్తువులతో 'వాటర్ వాక్' అనే మూడు నిమిషాల రచన ప్రదర్శించాడు. స్టూడియోలో చేయాలనుకున్న పని ఒకటి, ఊరు చేయించిన పని మరొకటి.

ఈ కథలో ఎవరూ పెద్దగా తలచుకోని మనిషి మరీనో జుక్కేరి. ఆ స్టూడియో సాంకేతిక నిపుణుడు. వచ్చే స్వరకర్తలు మారుతూ ఉండేవారు, ఆయన అక్కడే ఉండేవాడు. ఏ ఆసిలేటరు వేడెక్కితే శ్రుతి తప్పుతుందో, ఏ టేపు యంత్రం ఎంత వేగం పోతుందో అలాంటివాళ్ళకే తెలుస్తుంది. ప్రతి రెసిడెన్సీలోనూ ఒక జుక్కేరి ఉంటారు. కొన్నిచోట్ల ఆయన ఇంజనీరు, కొన్నిచోట్ల తోటమాలి, కొన్నిచోట్ల తాళాలు దగ్గర పెట్టుకునే ఆవిడ. మొదటి రెండు రోజుల్లో ఆ మనిషి ఎవరో కనిపెట్టి స్నేహం చేసుకోండి. సంచాలకుల కంటే వీరు మీకు ఎక్కువ పనికొస్తారు.

స్టాక్‌హోమ్‌లో 1964లో మొదలైన ఈఎంఎస్ అనే విద్యుత్ సంగీత స్టూడియో ఇప్పటికీ ఆ పాత దారిలోనే నడుస్తోంది. అక్కడి బుక్లా, సెర్జ్ సింథసైజర్ల మీద పని చేయడానికి ప్రపంచం నలుమూలల నుంచి స్వరకర్తలు వెళతారు. మీకు వచ్చింది అలాంటి చోటు అయితే నా సలహా కొంచెం మారుతుంది: ఆ యంత్రం తప్ప మరేదీ ముట్టుకోకండి, మీ ల్యాప్‌టాప్‌తో సహా.

కొన్నిసార్లు అసలు రచన పనిచేసే చోట కాక, దారిలో దొరుకుతుంది. జేమ్స్ టెన్నీ అనే స్వరకర్త 1961లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో చేరాడు. కంప్యూటరుతో శబ్దం పుట్టించే ప్రోగ్రాము అప్పుడు అక్కడ ఉంది, మాక్స్ మాథ్యూస్ రాసింది. పేరుకు ఉద్యోగమే అయినా నా లెక్కలో అది రెసిడెన్సీయే. టెన్నీ కారులో న్యూయార్క్‌కు వెళ్ళి వస్తూ హాలండ్ సొరంగం గుండా పోయేవాడు. లోపల వాహనాల హోరు మొదట్లో చిరాకు తెప్పించేది. కొన్నాళ్ళకు, ఆ హోరులోనే ఏవో ఆకారాలు కదులుతున్నట్టు వినిపించసాగింది. అదే సంవత్సరం చివర్లో ఆయన తయారుచేసిన 'నాయిస్ స్టడీ' పూర్తిగా కంప్యూటరు పుట్టించిన హోరుతో చేసిన రచన. సొరంగంలో మైకు పెట్టి రికార్డు చేయలేదు. విన్నదాన్ని అక్కడున్న యంత్రంతో తిరిగి నిర్మించాడు. రికార్డింగే శబ్దకళ అనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

ఇంకో ఉదాహరణ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాల 1970ల నుంచి కళాకారులకు చోటిస్తోంది. అక్కడ రెసిడెన్సీలో ఉన్న పీటర్ రిచర్డ్స్ ఒకసారి, సిడ్నీ రేవులో తేలే కాంక్రీటు తెప్ప రంధ్రాల్లోంచి వచ్చే శబ్దాన్ని బిల్ ఫొంటానా అనే శబ్దకళాకారుడు చేసిన రికార్డింగులో విన్నాడు. అలలు గాలిని నెడుతుంటే ఆ రంధ్రాలు ఊళలు పెట్టేవి. దాని నుంచి పుట్టింది 'వేవ్ ఆర్గన్'. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం అంచున, జార్జ్ గొంజాలెజ్ అనే శిల్పితో కలిసి కట్టాడు. కూల్చేసిన శ్మశానం నుంచి తెచ్చిన రాళ్ళ మధ్య, వేరువేరు ఎత్తుల్లో పాతిక గొట్టాలు నీటిలోకి దిగి ఉంటాయి. అల లోపలికి వచ్చి వెళ్ళినప్పుడల్లా గొట్టం గుటక వేసినట్టు మంద్రంగా మోగుతుంది. పోటు సమయంలో వెళితేనే బాగా వినిపిస్తుంది, ఆటు వేళ వెళ్ళినవాళ్ళు పెదవి విరిచి తిరిగి వస్తారు. అందులో వాయించేది సముద్రం, మనం చేయగలిగింది వేళ తెలుసుకుని వెళ్ళడమే.

వేళ అంటే నా రెండో రెసిడెన్సీ గుర్తొచ్చింది. ఇంటి వెనుక ఒక చెరువు. హైడ్రోఫోను, అంటే నీటిలో ముంచే మైకు, కొత్తగా కొన్నాను. రోజూ సాయంత్రం, అంతా ప్రశాంతంగా ఉంటుందని, చెరువులో వేసి గంటసేపు కూర్చునేవాణ్ణి. పదకొండు రోజులు ఏమీ లేదు, అప్పుడప్పుడు దూరంగా ఏదో మోటారు. కలుపు తీసే ఆవిడ ఒకరోజు చూసి, "మిట్టమధ్యాహ్నం వేసి చూడండి, అప్పుడు ఆ నాచంతా బుడగలు కక్కుతుంది" అన్నారు. వేశాను. ఎండ ఎక్కినకొద్దీ నీటి మొక్కల నుంచి ప్రాణవాయువు బుడగలు విడిపోతూ వేల సన్నని చిటికెలు. మబ్బు కమ్మితే ఆ చిటికెలు నెమ్మదించేవి, మబ్బు వీడితే కాసేపటికి మళ్ళీ ఊపందుకునేవి. ఆ రెసిడెన్సీలో చేసిన ఇరవై నిమిషాల రచనకు లయ ఇచ్చింది ఆ మబ్బులే. ఆవిడ పేరు రచన వివరాల్లో వేస్తానంటే నవ్వి వద్దన్నారు.

కాబట్టి మొదటి వారం ఏదీ చేయకండి. రికార్డరు తీయకుండా తిరగండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి అదే చోట కూర్చుని ఏమి వినబడుతోందో నోటుపుస్తకంలో రాయండి. గాలి ఎటునుంచి ఉందో కూడా రాయండి, తర్వాత చాలా పనికొస్తుంది. చేతులు ఊరకుంటే భయం వేస్తుంది, ఎంపిక చేసినవాళ్ళు ఏమనుకుంటారోనని. ఏమీ అనుకోరు. వాళ్ళు ఇలాంటి మొదటి వారాలు చాలా చూసి ఉంటారు.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద జనం అవసరానికి మించి మాట్లాడుకుంటారు. మంచి రికార్డరు ఒకటి, గాలికి అడ్డుపడే బొచ్చు తొడుగు ఒకటి, వస్తువుకు అతికిస్తే దాని కంపనాలను పట్టే కాంటాక్ట్ మైకులు రెండు, నీళ్ళుంటే హైడ్రోఫోనులు రెండు. కాంటాక్ట్ మైకును ఇనుప కంచెకు తగిలించి రికార్డరులో నేరుగా గుచ్చితే శబ్దం పీలగా, మంద్రం లేకుండా వస్తుంది. కారణం మైకు నాణ్యత కాదు. ఆ మైకులో ఉండే పీజో పలక కెపాసిటరులా ప్రవర్తిస్తుంది, రికార్డరు ఇన్‌పుట్ నిరోధం తక్కువైతే కింది స్వరాలన్నీ కోసుకుపోతాయి. కనీసం ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ప్రీయాంప్, అంటే సంకేతాన్ని పెంచే పరికరం, మధ్యలో పెట్టండి, అదే కంచె ఘంటలా మోగుతుంది. ఇక నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది, గాలిలో అయితే 343 మీటర్లే. అందుకే రెండు హైడ్రోఫోనులను గాలిలో మైకుల మాదిరి దగ్గరగా పెడితే కుడి ఎడమల తేడా తెలియదు, నాలుగైదు రెట్లు దూరంగా పెట్టాలి.

శబ్దాన్ని తర్వాత నెమ్మది చేసి వాడే ఉద్దేశం ఉంటే రికార్డరు శాంప్లింగ్ రేటు 96 కిలోహెర్ట్జ్‌లో, లేకపోతే 48లో 24 బిట్లతో చాలు. 96లో స్టీరియో గంటకు రెండు గిగాబైట్ల పైనే తింటుంది. నాలుగు వారాల్లో వంద గంటలు రికార్డు చేసి, ఇంటికొచ్చాక ఒక్క గంటైనా వినని వాళ్ళను నేను చూశాను. ఏ రోజుది ఆ రోజు రాత్రి వినండి, పేరు పెట్టండి, పనికిరానిది తీసేయండి.

బాగా మోగే గది ఏదైనా కనబడితే, అంటే నీళ్ళ తొట్టి, ఖాళీ గోదాము, మెట్ల బావి లాంటిది, మొదట ఎవరి అనుమతి కావాలో కనుక్కోండి. పాలీన్ ఒలివెరోస్, స్టూవర్ట్ డెంప్‌స్టర్, పనాయోటిస్ అనే ముగ్గురు సంగీతకారులు 1988లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్డెన్‌లో భూమి కింద ఖాళీగా ఉన్న నీటి తొట్టిలోకి దిగి వాయించారు. అక్కడ శబ్దం ఆరిపోవడానికి 45 సెకన్లు పడుతుంది. అంత సేపు మోగే గదిలో మామూలు వేగంతో వాయిస్తే స్వరాలన్నీ ముద్దయిపోతాయి. వాళ్ళు ఒక స్వరం వేసి, అది గదిలో ఏమవుతుందో విని, రెండోది వేశారు. అది రెసిడెన్సీ కాదు, కానీ గదిని నాలుగో వాద్యకారుడిగా ఎలా చూసుకోవాలో అంతకంటే బాగా నేర్పే రికార్డు నాకు తెలియదు. అలాంటి గదిని ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా. స్పీకరులో 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా నెమ్మదిగా పైకి పోయే స్వరాన్ని వినిపించి, గది తిరిగిచ్చేది రికార్డు చేయండి. దాని నుంచి ఆ గది అనురణనాన్ని కంప్యూటరులో మళ్ళీ కట్టుకోవచ్చు. స్పీకరు లేకపోతే బెలూను పగలగొట్టినా పని నడుస్తుంది, నాణ్యత కొంత తగ్గుతుంది.

చివరికి ఏమి చూపించాలి అన్న దిగులు మీ మాటల్లో కనిపించింది. చాలా రెసిడెన్సీలు పూర్తయిన రచన అడగవు, చివర్లో తలుపులు తెరిచి, అప్పటిదాకా చేసింది చూపించమంటాయి అంతే. సగం పనిని సగం పనిగానే చూపించండి. రచన తర్వాత వస్తుంది. ఇంగ్లండు స్వరకర్త పీటర్ మాక్స్‌వెల్ డేవిస్‌ను బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే 1997 డిసెంబరులో అంటార్కిటికాకు తీసుకువెళ్ళింది. దాని నుంచి వచ్చిన 'అంటార్కిటిక్ సింఫొనీ' మొదటిసారి వినిపించింది 2001లో. కొన్ని వారాల ప్రయాణం, మూడేళ్ళకు పైగా ఎదురుచూపు. మీకు మూడు నెలలు పట్టినా కంగారు పడనక్కరలేదు.

మీరు చేసింది అడిగిన సంస్థకు నచ్చకపోవచ్చు కూడా. ఫ్రెంచ్ ప్రభుత్వ బహుమతి గెలిచి రోమ్‌లోని విల్లా మెడిచిలో 1885 నుంచి ఉన్న ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుస్సీ అక్కడ సంతోషంగా లేడు. ఉత్తరాల నిండా ఫిర్యాదులే. నియమం ప్రకారం పారిస్‌కు పంపిన రచనల్లో 1887 నాటి 'ప్రెంటాంప్' ఒకటి. దాని మీద అక్కడి లలితకళల అకాడమీ ఇచ్చిన నివేదికలో 'అస్పష్టమైన ఇంప్రెషనిజం' జోలికి పోవద్దని హెచ్చరించారు. ఆ తిట్టే తర్వాత ఆయన పేరుకు శాశ్వతంగా అతుక్కుపోయింది.

ఇక ఒప్పందం. ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతాను. ఎంపిక ఉత్తరం చూసిన సంతోషంలో నేను ఒకసారి చదవకుండా సంతకం పెట్టాను. అక్కడ ఉన్న కాలంలో చేసిన రికార్డింగులన్నిటి మీదా మూడేళ్ళపాటు హక్కు ఆ సంస్థదేనని నాలుగో పేజీలో ఉంది. నలభై గంటల శబ్దం నా డిస్కులోనే ఉంది, నేను వాడుకోలేను. అడిగితే మర్యాదగా జవాబిచ్చారు, మర్యాదగానే కాదన్నారు. కాబట్టి రచన మీద హక్కు ఎవరిది, విడి రికార్డింగుల మీద ఎవరిది, సంస్థ తన ప్రచారానికి ఎంతవరకు వాడుకోవచ్చు అన్న మూడూ విడివిడిగా అడిగి రాతలో తీసుకోండి. ప్రయాణ ఖర్చు, భృతి, పరికరాలు పాడైతే బాధ్యత ఎవరిది అన్నవి కూడా. పైసా ఇవ్వకపోగా, ఉండటానికి మీ దగ్గరే రుసుము తీసుకునే చోట్లు ఉన్నాయి. అవన్నీ మోసమని అనను, కానీ దాన్ని గౌరవంగా కాక అద్దెగా లెక్కవేసుకోండి. మనుషుల గొంతులు రికార్డు చేస్తే ముందే చెప్పి అనుమతి అడగండి, తర్వాత వినిపించి మరోసారి అడగండి. రెండోసారి వద్దన్నవాళ్ళు నాకు ఇద్దరు తగిలారు. తీసేశాను.

ఇంట్లోవాళ్ళ సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మూడో వారం కష్టం. కొత్తదనం పోతుంది, పని ఇంకా రూపం తీసుకోదు, ఇల్లు గుర్తొస్తుంది. ఇది కొత్త జబ్బు కాదు. 1772లో ఎస్టర్‌హాజీ రాజుగారు వేసవి భవనంలో మకాం పొడిగిస్తూ పోతే, కుటుంబాలకు దూరంగా ఉన్న వాద్యకారులు ఆస్థాన స్వరకర్త హైడన్‌కు మొరపెట్టుకున్నారు. ఆయన ఒక సింఫొనీ రాశాడు. దాని చివర్లో ఒక్కొక్కరే వాయించడం ఆపి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్ళిపోతారు. రాజుగారికి అర్థమైంది, మర్నాడే తిరుగు ప్రయాణం. మీకు అంత దూరం రానక్కరలేదు, మూడో వారాంతంలో ఒక రోజు బయటికి వెళ్ళిరండి.

చివరి రోజు హడావిడిలో అందరూ మరిచిపోయేది ఒకటుంది. సామాను సర్దాక, వెళ్ళేముందు, మీరు పనిచేసిన గదిలో మైకు పెట్టి, మీరు బయటికి వెళ్ళి, పది నిమిషాలు ఖాళీ గదిని రికార్డు చేయండి. ఎడిటింగులో ముక్కల మధ్య అతకడానికి అదే గది నిశ్శబ్దం కావాలి, మరో గదిది పెడితే చెవికి అతుకు తెలిసిపోతుంది. నేను వెళ్ళిన ప్రతి చోటిదీ నా దగ్గర ఉంది, ఆ దీపస్తంభం పక్క ఇంటిది తప్ప.